ఉద్దానం కిడ్నీ జబ్బు మీద చెన్నైలో పీహెచ్‌డీ: ప్రశ్నను ఎలా కుదించుకోవాలి?

కవిటి_ఆడపిల్ల

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, కవిటి దగ్గర ఒక పల్లె. వైజాగ్‌లో బీడీఎస్, తర్వాత ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేశాను. మూడేళ్లుగా చెన్నైలో ఒక పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డ్ పని చూస్తున్నాను. అంబత్తూరులో ఉంటాం. వయసు 31, పాపకి నాలుగేళ్లు.

ఎపిడెమియాలజీలో (జబ్బు ఎవరికి, ఎంతమందికి, ఎందుకు వస్తోందో లెక్కతీసే శాస్త్రం) పీహెచ్‌డీ చెయ్యాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. దేని మీద అన్న విషయంలో నాకు అనుమానమే లేదు. మా పెదనాన్న 52 ఏళ్లకి కిడ్నీలు పాడై చనిపోయారు. షుగర్ లేదు, ముందునుంచీ బీపీ లేదు. జీడితోటలో పనిచేసిన మనిషి. కాళ్లకి నీరు పట్టేదాకా ఆయనకి జబ్బుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. వారానికి రెండుసార్లు డయాలసిస్. పెద్దమ్మ తెల్లారకముందే లేచి అన్నం వండి, డబ్బా కట్టుకుని ఆయన వెంట వెళ్లేది. మా వీధిలో ఆయన తర్వాత ఇంకో ముగ్గురు పోయారు.

'ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణాలు' అని ప్రపోజల్ రాశాను. బోరు నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పని, సిలికా, వంశపారంపర్యం, అన్నీ పెట్టాను. 38 పేజీలయింది. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన అంతా చదివి, "ఇందులో ఐదు పీహెచ్‌డీలున్నాయమ్మా, నీది ఏది?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. సీటు రాలేదు. ఇంకోచోట గైడ్‌గా ఉంటానన్న మేడమ్, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటా తీసుకుని రాసెయ్, మూడేళ్లలో అయిపోతుంది అంటున్నారు. అందులో బీపీ, షుగర్ కొలిచారు గానీ క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) లేదు. మరి నా ప్రశ్నకి అది ఎలా సరిపోతుంది?

పాపని వదిలి నెలల తరబడి ఊళ్లో ఉండలేను. అలాగని ఈ విషయం వదలలేను. దారి తెలిసినవాళ్లు చెప్పండి. యూజీసీ నెట్ పరీక్ష రాయాలా, ఎక్కడ ప్రయత్నించాలో కూడా చెబితే మేలు.

నెట్_గట్టెక్కినవాడు

అడ్మిషన్ సంగతి వరకు నేను చెప్పగలను. యూజీసీ నెట్‌లో 'సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్' అని సబ్జెక్టు ఉంది, ఎంపీహెచ్ వాళ్లు రాయొచ్చు. 2024 నుంచి నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీకి తీసుకునే పద్ధతి వచ్చింది. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాకపోయినా ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశానికి ఒక ఏడాది పనికొస్తుంది. స్కోరుకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. జేఆర్‌ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు గానీ ఆడవాళ్లకి ఐదేళ్ల సడలింపు ఉంది, కాబట్టి మీకు అవకాశం పోలేదు. వస్తే నెలకి 37,000, ఇంటద్దె భత్యం వేరే.

2022 యూజీసీ నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు పొడిగించే వీలుంది. మొత్తం మీద 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇవ్వొచ్చు. చాలామంది అడగక వదిలేస్తారు, మీరు అడగండి.

మీ దగ్గర్లోనే అయపాక్కంలో ఐసీఎంఆర్ వాళ్ల జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఉంది. పోరూరులో శ్రీ రామచంద్ర డీమ్డ్ యూనివర్సిటీ. బెంగళూరు వెళ్లగలిగితే నిమ్హాన్స్‌లో ఎపిడెమియాలజీ విభాగం. ఎక్కడైనా ముందు గైడ్‌కి ఖాళీ ఉందో లేదో కనుక్కోండి. ఖాళీ లేకపోతే స్కోరు ఎంతున్నా లాభం లేదు.

థీసిస్_ఇచ్చేసిన_అక్క

చెల్లీ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను చెన్నైలోనే ఎపిడెమియాలజీలో పీహెచ్‌డీ చేసి రెండేళ్లయింది. నాదీ మొదటి ప్రపోజల్ నీలాగే ఉండేది.

ఆ పెద్దాయన అడిగింది సరైన ప్రశ్నే. నువ్వు 'ఎందుకు' దగ్గర మొదలుపెట్టావు. మన చదువు 'ఎవరిలో, ఎంతమందిలో' దగ్గర మొదలవుతుంది. నికరాగ్వా, ఎల్ సాల్వడార్‌లో చెరకు కోసేవాళ్లకీ, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకీ ఇలాంటి జబ్బే వస్తోంది. ఇన్నేళ్లుగా ఇన్ని దేశాలవాళ్లు వెతికినా ఇదీ కారణమని తేల్చి చెప్పలేకపోయారు. అది నువ్వొక్కదానివే నాలుగేళ్లలో తేల్చాలనుకుంటే నీ మీద నువ్వే మోయలేని బరువు పెట్టుకున్నట్టు. అందులో ఒక ముక్క పట్టుకో. ఆ ముక్క గట్టిగా కొలువు.

ఏ ముక్క అంటే, నాకు తోచింది చెబుతాను. ఉద్దానం మగవాళ్లు ఎంతమంది చెన్నైలో కట్టడం పనుల్లో ఉన్నారో నీకు తెలియంది కాదు. 2014 జూన్‌లో మౌలివాక్కంలో భవనం కూలి 61 మంది పోతే, వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు చాలామంది. నువ్వు ఊరికి వెళ్లలేనంటున్నావు, ఊళ్లో సగం మంది ఇక్కడే ఉన్నారు. వీళ్లు చిన్నప్పుడు ఆ నీళ్లు తాగారు, ఇప్పుడు ఇక్కడ ఎండలో పని చేస్తున్నారు. పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) పొడవునా వాళ్ల షెడ్లే. ఎండ పనికీ కిడ్నీ పనితీరు తగ్గడానికీ ఉన్న సంబంధం ఒక్కటే తీసుకో. శ్రీ రామచంద్ర వాళ్లు తమిళనాడు ఉప్పు మడుల కార్మికుల్లో ఈ దిశగా పని చేశారు కాబట్టి వేడిని కొలిచే పద్ధతులు తెలిసినవాళ్లు ఈ ఊళ్లోనే దొరుకుతారు.

కొలత దగ్గర జాగ్రత్త. మధ్యాహ్నం మూడింటికి ఎండలోంచి వచ్చిన మనిషి రక్తం తీస్తే, ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ ఆ పూటకి పెరిగి ఉంటుంది. దాన్ని జబ్బు అని రాస్తే తప్పు. పొద్దున్నే పనికి ఎక్కకముందు తియ్యాలి. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా) 60 కన్నా తక్కువ వస్తే మూడు నెలలు దాటాక మళ్లీ తియ్యాలి, అప్పుడూ తక్కువుంటేనే దీర్ఘకాలిక జబ్బు. ఆ మూడు నెలల్లో మనిషి సైటు మారిపోతాడు. అందుకే మొదటి రోజే రెండు ఫోన్ నంబర్లు తీసుకో, ఒకటి తనది, ఒకటి ఇంటిది. దేశదేశాల లెక్కలు పోల్చుకోవడానికి 'డిగ్రీ' (DEGREE) అని ఒక ప్రోటోకాల్, అంటే అందరూ ఒకేలా కొలిచే పద్ధతి, ఉంది, దాన్నే వాడు. సొంత ప్రశ్నావళి కనిపెట్టకు.

ఇప్పుడు అసలు ప్రమాదం. షెడ్డుకి వెళ్లి ఉన్నవాళ్లందరికీ పరీక్ష చేశావనుకో. అందరూ బాగానే ఉంటారు. ఎందుకంటే బాగోలేనివాడు ఇటుక మొయ్యలేడు. ఆయాసం వచ్చినవాడు, కాళ్లు వాచినవాడు ఎప్పుడో రైలెక్కి పలాసలో దిగిపోయాడు. నీ లెక్కలో అతను లేడు. 'ఎండ పని వల్ల నష్టం లేదు' అని నీ థీసిస్ చెబుతుంది, అది అబద్ధం అవుతుంది. నా థీసిస్‌లో (అది వేరే జబ్బు) సరిగ్గా ఈ తప్పే జరిగింది. రెండో ఏడాది చివర ఒక ఎగ్జామినర్ చూపించేదాకా నేను గమనించలేదు. పదకొండు నెలల ఫీల్డ్ పని మళ్లీ చేశాను. నీకు ఆ కష్టం రాకూడదనే ఇంత పొడుగు రాస్తున్నాను.

వెళ్లిపోయినవాళ్లని ఎలా పట్టుకుంటావన్నదే నీ పీహెచ్‌డీ. దానికి దారి దొరికితే మిగతాదంతా అమరుతుంది. దొరక్కపోతే సీటొచ్చినా ఈ విషయం మొదలుపెట్టకు.

కవిటి_ఆడపిల్ల

అక్కా, మీరు రాసింది చదివి ఆదివారం మావారితో పెరుంబాక్కం వైపు ఒక షెడ్డుకి వెళ్లాను. మేస్త్రీది మందస. ఊరి పేరు చెప్పగానే టీ తెప్పించాడు. పనివాళ్లు ఎంతమంది వెళ్లిపోయారని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టి పది, పన్నెండు అన్నాడు. "పుస్తకం చూడు, తెలుస్తుంది" అని అతని భార్య లోపలికెళ్లి ఒక పొడుగు పుస్తకం తెచ్చింది.

అది అడ్వాన్సుల పుస్తకం. ఎవరు ఏ నెలలో పనిలో చేరారు, ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఎంత తీరింది, ఎప్పుడు వెళ్లిపోయారు. ఆరేళ్లవి ఉన్నాయి. డబ్బు సంగతి కదా, ఒక్క పేరూ వదల్లేదు. వెళ్లిపోయినవాళ్ల పేరు మీద ఎర్ర పెన్నుతో గీత. కూర్చుని గీతలు లెక్కపెట్టాను. 47.

మా ప్రాజెక్టులో లక్షలు ఖర్చుపెట్టి తయారుచేసిన రిజిస్టర్ కూడా ఇంత శుభ్రంగా లేదు. నాకు చేతులు వణికాయి.

థీసిస్_ఇచ్చేసిన_అక్క

చెల్లీ, ఫోటోలు తీశావా? తీస్తే ఇప్పుడే తీసెయ్ ఫోన్లోంచి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క పేరు కూడా నీ దగ్గర ఉండకూడదు. అది వాళ్ల అప్పుల పుస్తకం కూడా, బయటికొస్తే వాళ్లకి నష్టం.

కానీ నీకు కోహార్ట్ (కాలక్రమంలో వెంటబడి చూడదగ్గ గుంపు) దొరికింది. చేరిన తేదీ ఉంది, వెళ్లిన తేదీ ఉంది. ఇలాంటి మేస్త్రీలు ఎంతమంది ఒప్పుకుంటారో చూసి, పుస్తకంలో ఉన్న ప్రతి పేరునీ, గీత ఉన్నా లేకపోయినా, వెతికి పరీక్ష చెయ్యడం నీ డిజైన్. ఇది నాలుగు పేజీల్లో రాయి. 38 వద్దు.

తిరువళ్లూరు_తాత

అమ్మా, మాది నెల్లూరు. ఉద్యోగానికి 1976లో ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయాను. చెంగల్పట్టు బీసీజీ (క్షయ టీకా) ట్రయల్‌లో ఇల్లిల్లూ తిరిగినవాళ్లలో నేనొకణ్ణి. 1968లో మొదలైంది. 2.8 లక్షల మందికి పైగా బీసీజీయో, ఉత్తుత్తి సూదో వేసి పదిహేనేళ్లు వెంటబడి చూశారు. పెద్దవాళ్లకి వచ్చే ఊపిరితిత్తుల క్షయని బీసీజీ ఆపదని తేలింది. ఎవరికీ నచ్చని జవాబు. అయినా దాన్ని ఎవరూ తోసిపుచ్చలేకపోయారు. అంతమందిని అంతకాలం వదలకుండా వెతికాం గనక.

నీ పుస్తకంలో గీతల గురించి ఒక మాట. గీత అంటే వెళ్లిపోయాడని మాత్రమే. ఎందుకు వెళ్లాడో మేస్త్రీకి తెలిసింది వేరు, ఇంట్లోవాళ్లకి తెలిసింది వేరు. మేస్త్రీ 'తాగుబోతు, పని మానేశాడు' అంటాడు. ఇంటికెళ్తే ఆర్నెల్లుగా మంచంలో ఉంటాడు. మా కార్డుల్లో 'ఊరు విడిచాడు' అని రాసినవాళ్ల ఇళ్లకి మా సూపర్‌వైజరు మళ్లీ వెళ్లేవాడు, పక్కింటివాళ్లని కూడా అడిగేవాడు. రెండుచోట్లా అడిగి రెండూ వేరువేరుగా రాసుకో.

పాప సంగతి రాశావు. ఊళ్లో నెలల తరబడి ఉండక్కర్లేదమ్మా. సంక్రాంతికి మీ ఊళ్లో మగవాళ్లంతా ఇంట్లో ఉంటారు. చెన్నైవాళ్లూ, హైదరాబాదువాళ్లూ, గీత పడ్డవాళ్లూ అందరూ ఒక్కచోట. అప్పటికి పని మానేసి నాలుగు రోజులు విశ్రాంతిగా ఉంటారు కాబట్టి రక్తం తియ్యడానికీ అదే మంచి వేళ. భోగి రోజు మాత్రం వెళ్లకు, ఎవరూ సూది పొడిపించుకోరు. కనుమ మర్నాడు నుంచి మొదలుపెట్టు.

కవిటి_ఆడపిల్ల

తాతగారూ, నమస్కారం. ఫోటోలు తియ్యలేదక్కా, అంకె ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను.

నాలుగు పేజీలు రాయడం మొదలుపెట్టాను. శీర్షికలో 'కారణాలు' అన్న మాట తీసేశాను. మేడమ్‌కి చూపిస్తే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఊసెత్తకుండా, "ఆ మేస్త్రీలు ఎంతమంది?" అని అడిగారు. వచ్చే ఆదివారం సిరుసేరి వైపు రెండు షెడ్లకి వెళ్తున్నాం. ఈసారి పాపని కూడా తీసుకెళ్తాను, మేస్త్రీ భార్య తీసుకురమ్మంది.

రాత్రి పెద్దమ్మకి ఫోన్ చేసి సంక్రాంతికి వస్తానన్నాను. ఎందుకో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, చెన్నై నుంచి తిరిగొచ్చి మంచం పట్టినవాళ్ల ఇళ్లు మా పల్లెలోనే ఐదు ఉన్నాయనీ, తనే వెంటబెట్టుకుని తిప్పుతాననీ చెప్పింది.