డప్పు మోతలో గాయనికి తన గొంతు వినిపించడం ఎలా?

ప్రశ్న: హన్మకొండలో వంద మంది పట్టే హాలులో మేము పాటల సభలు నిర్వహిస్తున్నాము. డప్పు మొదలవగానే గాయనికి తన గొంతు వినబడటం లేదు. మానిటర్ (గాయనికి తన గొంతు వినిపించడానికి వేదికపై పెట్టే స్పీకర్) శబ్దం పెంచితే ఈల వస్తోంది. ఏం చేయాలి?

జవాబు 1: కార్డియాయిడ్ మైకు (ముందువైపు శబ్దాన్నే ప్రధానంగా అందుకునే రకం) తన వెనుకవైపు నుంచి వచ్చే శబ్దాన్ని అతి తక్కువగా అందుకుంటుంది కాబట్టి, మానిటర్‌ను సరిగ్గా మైకు వెనుక, గాయని ముఖానికి ఎదురుగా ఉంచి, అప్పటికీ ఈల వస్తే ఆ ఫ్రీక్వెన్సీని (శ్రుతిని) మాత్రమే, ఒక్కో శ్రుతి మోతాదును విడిగా సర్దే ఈక్వలైజర్‌లో కొద్దిగా తగ్గించండి. మైకు జాలీని అరచేతితో మూసి పట్టుకుంటే ఈ ప్రయోజనం పోతుంది. దయచేసి గాయనికి ఈ మాట ముందే చెప్పండి.

జవాబు 2: మంట దగ్గర కాచి బిగించిన డప్పుకు అంత చిన్న హాలులో మైకు అక్కరలేదని నా గట్టి అభిప్రాయం. వాద్యకారులను గాయని వెనుక కాకుండా పక్కన నిలబెట్టండి.

ప్రశ్న అడిగినవారు: మానిటర్ ఇప్పటివరకు గాయని పక్కనే ఉంది. రేపటి సాధనలో మార్చి చూస్తాను.