స్నోబ్లోవర్ స్కిడ్ షూ బోల్టు ఊడట్లేదు, మెషీన్ ఒరుగుతోంది

పల్నాటిపిల్లోడు (మినియాపోలిస్ దగ్గర):
అందరికీ నమస్కారం. నిరుడు ఇల్లు కొన్నప్పుడు పాత ఓనరు గ్యారేజీలో 24 అంగుళాల టూ స్టేజ్ స్నోబ్లోవర్ (మంచు లాగి దూరంగా చిమ్మే మెషీన్) వదిలేసి వెళ్లాడు. దాని కుడి స్కిడ్ షూ (మెషీన్ ముందు భాగాన్ని నేలకి కాస్త ఎత్తులో ఉంచే పక్క పట్టీ) అరిగి అరిగి అప్పడంలా అయింది. తోస్తుంటే డ్రైవ్‌వే మీద కర్రుమని చప్పుడు, కాంక్రీటు నిండా తుప్పు గీతలు. కొత్త జత తెప్పించాను. ఎడమది పావుగంటలో అయిపోయింది. కుడిదానికి వెనక బోల్టు నట్టుతో పాటే గిర్రున తిరుగుతోంది, ఊడి రాదు. సరేలే అని పాత షూతోనే నడిపితే మెషీన్ కుడికి ఒరిగి, ఎడమ పక్క వేలెడు మంచు వదిలేస్తోంది. శుక్రవారం 8 అంగుళాలు పడుతుందంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

రోచెస్టర్_బాబాయి:
అబ్బాయ్, ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకి పక్కన పెట్టు. తర్వాతే మిగతావన్నీ.

అది క్యారేజ్ బోల్టు. గుండ్రటి తల కింద నలుపలకల మెడ ఉంటుంది, అది బిగుసుకుంటేనే బోల్టు కదలకుండా ఉండేది. ఆ మూలలు అరిగితే ఇలాగే తిరుగుతుంది. రాత్రికి పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలెయ్. పొద్దున తలని వైస్ గ్రిప్‌తో పట్టి నట్టు తిప్పు. పట్టు చిక్కకపోతే మెషీన్‌ని బయటికి తెచ్చి, పెట్రోలు తీసేసి, గ్రైండర్‌తో నట్టు కోసెయ్. నిప్పురవ్వలూ పెట్రోలూ ఒకచోట వద్దు. కొత్త బోల్టు మరలకి యాంటీ సీజ్ (నట్టు పట్టేయకుండా పూసే గ్రీజు లాంటిది) పూస్తే వచ్చే ఏడాది నన్ను తిట్టుకోవు.

ఇక ఎత్తు. దోసె గీకే అట్లకాడ పెనానికి మరీ ఆనిస్తే పెనం పాడు, పైకెత్తితే దోసె రాదు కదా. కింద ఉండే స్క్రేపర్ బార్ ఆ అట్లకాడే. గ్యారేజీ నేల మీద బార్ రెండు చివర్లా రెండేసి క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు) ఒకదానిమీద ఒకటి పెట్టు. ఒక్కోటి 1.75 మిల్లీమీటర్లు, రెండూ కలిపితే దాదాపు అంగుళంలో ఎనిమిదో వంతు. షూల నట్లు వదులు చేసి, అవి నేలకి బల్లపరుపుగా ఆనాక బిగించు.

వీటన్నిటికంటే ముందు రెండు టైర్లలో గాలి చూడు. మొదటి చలికాలం ఈ సంగతి తెలియక రెండు రోజులు షూలతో కుస్తీ పట్టాను.

కంకర_దారి_అక్క:
బాబాయి గారి క్వార్టర్ల లెక్క సిమెంటు, తారు డ్రైవ్‌వేలకే. మాది కంకర. అంగుళం పైనే ఎత్తి పెడతాం, లేకపోతే రాళ్లు ఆగర్‌లో (మంచుని లోపలికి లాగే మరలాంటి చక్రం) ఇరుక్కుని షియర్ పిన్ (మెషీన్ పాడవకుండా ముందు తను విరిగే పిన్ను) పుటుక్కుమంటుంది, రాయి ఎగిరి ఎవరి కారుకి తగులుతుందో తెలియదు. తమ్ముడూ, తుప్పు గీతలు నచ్చకపోతే ఈసారి ప్లాస్టిక్ షూలు చూడు. కొనేముందు బోల్టు రంధ్రాల మధ్య దూరం మాత్రం కొలుచుకో, పోయినసారి నేను కొలవలేదు.

పల్నాటిపిల్లోడు:
బాబాయ్ గారూ, నట్టు కోసేశాను. కొత్త షూ వేసి, నాణేలు పెట్టి సర్దినా తోస్తుంటే ఇంకా కుడికే లాగింది. అప్పుడు గుర్తొచ్చి గాలి చూశాను: ఎడమ టైరులో 17 పీఎస్ఐ, కుడిదాంట్లో 8. గాలి కొట్టి మళ్లీ మొదటి నుంచి సర్దాను. పాత ఓనరు షూ ఒక్కటే ఎందుకరిగిందో ఇప్పుడర్థమైంది. శుక్రవారం 8 అన్నారు, పడింది 3 అంగుళాలే.

రోచెస్టర్_బాబాయి:
తొందరపడకు, ఇంకా జనవరే.