హతుడి తల్లిదండ్రులకు మనవలను చూసే హక్కు ఉండాలా?

నదీతీరం:
డాన్ మార్కెల్ హత్య కేసు గురించి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. ఆయన ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో న్యాయశాస్త్ర ఆచార్యుడు. 2013లో విడాకులయ్యాయి. ఇద్దరు చిన్న కొడుకులు. పిల్లలను తీసుకుని దక్షిణ ఫ్లోరిడాలోని పుట్టింటివారి దగ్గరికి వెళ్లిపోతానని మాజీ భార్య అడిగితే కోర్టు ఒప్పుకోలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ యూనివర్సిటీ ఉన్న టాలహస్సీ నగరంలోనే ఉండి పిల్లలను పెంచుకోవలసి వచ్చింది.

2014 జులై 18 ఉదయం ఆయన పిల్లలను బడిలో దించారు. ఇంటికి తిరిగొచ్చి గ్యారేజీలో కారు ఆపి, ఇంకా ఫోనులో మాట్లాడుతూనే ఉన్నారు. వాకిట్లో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఉన్నాడని అవతలి వ్యక్తితో అన్నారు. అంతే. తలలో రెండు తూటాలు దిగాయి. మర్నాడు చనిపోయారు.

చంపినవారు మయామీ ప్రాంతం నుంచి అద్దె కారులో వచ్చిన కిరాయి మనుషులు. కాల్చిన సిగ్‌ఫ్రెడో గార్సియాకు 2019లో, బేరం కుదిర్చిన కేథరిన్ మగ్బనువాకు 2022లో యావజ్జీవ శిక్ష పడింది. డబ్బిచ్చింది మార్కెల్ మాజీ బావమరిది చార్లీ ఏడెల్సన్ అని 2023 నవంబరులో జ్యూరీ తేల్చింది. ఆయన తల్లి డోనా, అంటే ఆ పిల్లల అమ్మమ్మ, 2025 సెప్టెంబరులో దోషిగా తేలారు. ఆమెకూ యావజ్జీవమే. పిల్లల తల్లిపై మాత్రం కేసు లేదు, తనకేమీ తెలియదని ఆమె కోర్టులో సాక్ష్యం చెప్పారు.

నా ప్రశ్న ఇది. 2016లో అరెస్టులు మొదలయ్యాక మార్కెల్ తల్లిదండ్రులకు కొన్నేళ్లపాటు మనవలు కనిపించలేదు. పిల్లల ఇంటిపేరు కూడా మారిపోయింది. కొడుకును పోగొట్టుకున్నవారికి, కొడుకు పిల్లలను చూసే హక్కును చట్టం ఇవ్వవద్దా? ఇవ్వాలనే నేనంటాను.

పాత వకీలు:
మీ బాధ అర్థమవుతోంది, కానీ నేను ఒప్పుకోను. పిల్లలు ఎవరిని కలవాలో నిర్ణయించేది తల్లిదండ్రులు. అమెరికా సుప్రీంకోర్టు 2000లో ట్రాక్సెల్ కేసులో చెప్పింది ఇదే. అక్కడ కూడా చనిపోయిన కొడుకు పిల్లల కోసమే నాన్నమ్మా తాతయ్యా కోర్టుకెక్కారు, ఓడిపోయారు. ఫ్లోరిడా ఇంకా గట్టిది. ఒకరు చనిపోతే, మిగిలినవారు తీవ్రమైన నేరంలో శిక్షపడి, పిల్లలకు ప్రమాదంగా ఉంటే తప్ప తాతలు దరఖాస్తు కూడా చేయలేరు. 2022లో వచ్చిన మార్కెల్ చట్టం కొంత సడలించింది. తల్లిదండ్రుల్లో ఒకరి చావుకు రెండోవారే బాధ్యులని కోర్టు తేలిస్తే, తాతలు చూడడం పిల్లలకు మంచిదనే భావనతో విచారణ మొదలవుతుంది.

గమనించండి, "కోర్టు తేలిస్తే". ఇక్కడ తల్లిపై ఏదీ తేలలేదు. అన్న తప్పుకూ అమ్మ తప్పుకూ ఆమె పిల్లలను పంచుకోవాలంటే, అనుమానం మీద శిక్ష వేసినట్టే కదా?

నదీతీరం:
అంటే మార్కెల్ పేరు పెట్టుకున్న చట్టం మార్కెల్ తల్లిదండ్రులకే ఉపయోగపడదు! వకీలు గారూ, ఇది మీకు తప్పుగా తోచడం లేదా? హంతకుడు మేనమామ అయినా, ఇంకెవరైనా, ఆ పిల్లవాడికి నాన్న లేడు. నాన్న చిన్నప్పుడు ఎలా ఉండేవాడో, దేనికి నవ్వేవాడో చెప్పగలిగేది నాన్నమ్మా తాతయ్యలే. నేరం ఎవరి మెడకు చుట్టుకుందన్నదాన్ని బట్టి పిల్లవాడి అవసరం మారదు.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను విడాకులు తీసుకున్నదాన్ని. ఊరు మారడానికి కోర్టు ఒప్పుకోకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఉద్యోగం ఒకచోట, అమ్మావాళ్లు ఒకచోట, మనం మాత్రం మాజీ భర్త ఉన్నచోట. రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే పక్కన పట్టుకునే మనిషి ఉండదు. ఆ కోపం ఎంత నిజమో చెప్పగలను. అయినా దానికీ హత్యకూ మధ్య ఎంత దూరం ఉందో కూడా నాకు తెలుసు.

నా భయం వేరు. తాతలకు హక్కు వస్తే పిల్లల మీద గొడవపడేవారు ఇద్దరు కాదు, నలుగురవుతారు. ఈ కేసులో అమ్మమ్మ చేసింది కూడా మనవలు తన దగ్గరే ఉండాలనే కదా? ప్రేమ అనే మాట చెప్పి పెద్దవాళ్లు పిల్లల మీద ఎంతదూరం వెళ్తారో ఇక్కడే చూస్తున్నాం.

పాత వకీలు:
అమ్మా, మీరు అన్నదానికి ఒక విషయం కలుపుతాను. చనిపోవడానికి కొన్ని నెలల ముందు, 2014 మార్చిలో, మార్కెల్ స్వయంగా కోర్టును ఆశ్రయించారు. పిల్లల ముందు అమ్మమ్మ తనను చెడుగా మాట్లాడుతున్నారని, ఆమె పర్యవేక్షణ లేకుండా పిల్లలతో ఉండకూడదని కోరారు. ఒక అమ్మమ్మను దూరం పెట్టే అధికారం తండ్రిగా తనకుందని ఆయన నమ్మారు. మీరు బలహీనపరచాలనుకుంటున్నది ఆ అధికారాన్నే.

నదీతీరం:
ఈ విషయం నాకు కొత్త. చాలాసేపు ఆలోచించాను. కానీ వకీలు గారూ, ఆయన తనంతట తాను అమ్మమ్మకు తలుపు మూయలేదు. న్యాయమూర్తి దగ్గరికి వెళ్లారు, కారణం చెప్పారు, ఇరువైపులా వినండి అన్నారు. ఆ విచారణ జరిగేలోపే ఆయనను చంపేశారు. నేను అడుగుతున్నదీ ఆ ఒక్క విచారణే. తండ్రి హత్యకు గురైన చోట, నేరం తేలేదాకా ఆగకుండా, నాన్నమ్మ న్యాయమూర్తి ముందు నిలబడి "నన్నెందుకు చూడనివ్వరు" అని అడగగలగాలి. తల్లికి సరైన కారణం ఉంటే చెబుతుంది, ఆమే గెలుస్తుంది.

డోనా 2023లో వియత్నాం వెళ్లే విమానం ఎక్కబోతుండగా మయామీ విమానాశ్రయంలో పట్టుబడ్డారు. హత్య జరిగి అప్పటికి తొమ్మిదేళ్లు దాటింది. తొమ్మిదేళ్లంటే మనకు ఒక కేసు నడిచిన కాలం. బాల్యంలో తొమ్మిదేళ్లు పోతే మిగిలేది ఎంత?

ఒక నాన్నమ్మ:
ఇన్నాళ్లూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. మా అబ్బాయిని ఎవరూ చంపలేదు, రోడ్డు ప్రమాదంలో పోయాడు. కోడలు వేరే పెళ్లి చేసుకుంది, దానికి నాకు సంతోషమే. కానీ మెల్లగా ఫోన్లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. మనవడి ప్రతి పుట్టినరోజుకూ ఒక చొక్కా కొంటాను. మొదట్లో కొలత తెలిసేది. ఇప్పుడు కొట్టువాడు "ఎంత పొడవుంటాడమ్మా" అని అడిగితే, నా భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాను. అది నా ఊహ. నాకు హక్కు వద్దు నాయనా, కోర్టుకు వెళ్లి కోడలిని నిలబెట్టను. కానీ కొడుకును చంపించిన ఇంట్లో మనవలు పెరుగుతుంటే, ఆ తల్లి ఎలా తట్టుకుందో నాకు తెలియదు. నేనైతే కోర్టుకు వెళ్లేదాన్ని.

ఇద్దరు పిల్లల తల్లి:
నాన్నమ్మగారూ, మీ మాట చదివాక నా అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పలేను. మా పిల్లల నాన్నమ్మకు ఫోను చేసి నాలుగు నెలలైంది. ఈ ఆదివారం చేస్తాను.

పాత వకీలు:
నదీతీరం గారూ, హత్య జరిగిన కుటుంబాలకే పరిమితమైన ఒక్క విచారణ, అందులో పిల్లవాడి మాట కూడా వినాలి అంటే, ఆ మేరకు నేను అడ్డు చెప్పను. తల్లి నిర్దోషి అన్న భావన మాత్రం చివరిదాకా ఉండాలి. అది వదులుకుంటే నేను మళ్లీ వాదిస్తాను.

నదీతీరం:
వాదించండి. దాన్ని నేనూ వదులుకోను. కానీ విచారణకు గడువు పెట్టాలి. తొంభై రోజులు, అంతకుమించి ఒక్క రోజు కూడా కాదు.