రూబెన్ శాండ్‌విచ్‌ని మన కారానికి మార్చాలంటే ఎలా?

తార్నాక_తిండిబోతు:

అందరికీ నమస్తే. అమెరికాలో డెలీలు అనే చిన్న తిండి దుకాణాల్లో రూబెన్ అని ఒక శాండ్‌విచ్ ఉంటుంది కదా, రై అనే ధాన్యపు పిండితో చేసిన బ్రెడ్ మధ్యలో కార్న్‌డ్ బీఫ్ అనే ఉప్పునీళ్లలో ఊరబెట్టి ఉడికించిన గొడ్డుమాంసం, స్విస్ చీజ్, సవర్‌క్రౌట్ అనే పులియబెట్టిన క్యాబేజీ, రష్యన్ డ్రెస్సింగ్ అనే మయోనీజ్, కెచప్ కలిపిన సాస్ పెట్టి వెన్నతో పెనం మీద కాల్చేది. మా అన్నయ్య డాలస్ నుంచి వచ్చినప్పుడల్లా దాని గురించే చెప్పి చంపుతుంటాడు. వచ్చే నెల మళ్లీ వస్తున్నాడు, ఈసారి ఇంట్లోనే చేసి పెడదామని ఉంది. ఉన్నదున్నట్టు కాదు, కారంగా. మొన్న జూబ్లీహిల్స్‌లో ఒక కేఫ్ మెనూలో 'స్పైసీ రూబెన్' చూసి ఆశపడి చెప్పాను, మయోనీజ్‌లో ఇంత షెజ్వాన్ చట్నీ కలిపి ఇచ్చారు, అంతా తీపి, నూనె, కింది బ్రెడ్ తడిసి ముద్దయిపోయింది.

మా ఇంట్లో బీఫ్ తినం, చికెన్, మటన్ ఓకే. రై బ్రెడ్ అడిగితే బేకరీలో మల్టీగ్రెయిన్ చేతిలో పెడుతున్నారు. అసలు కారం దేంట్లో వెయ్యాలి, మాంసానికి పట్టించాలా, క్యాబేజీలోనా, సాస్‌లోనా? గోంగూర పచ్చడి పెడితే ఎలా ఉంటుందని కూడా ఒక ఆలోచన ఉంది, నవ్వకండి. అన్నిటికంటే ముఖ్యం, బ్రెడ్ నానకూడదు.

పెనం_రాజా:

కారం క్యాబేజీలో వెయ్యండి, ఇంకెక్కడా వద్దు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. మయోనీజ్‌లోనో చీజ్‌లోనో కలిపారంటే అది ఆ కొవ్వులోనే ఉండిపోయి నాలుకకి సరిగ్గా తగలదు, చాలట్లేదని మనం ఇంకో చెంచా, ఇంకో చెంచా వేస్తూ పోతాం, చివరికి ఎర్ర రంగు తప్ప ఏం మిగలదు. మీ కేఫ్‌వాళ్లు చేసింది అదే. పులుపుతో కలిసి వచ్చే కారం సంగతి వేరు, ఆవకాయ తినేవాళ్లకి అది విడమరిచి చెప్పక్కర్లేదు.

కిలో క్యాబేజీకి 20 గ్రాముల ఉప్పు. ఇది మాత్రం కాటా మీద తూచే వెయ్యండి, చేతి అందాజా పనికిరాదు, తక్కువైతే కుళ్లుతుంది, ఎక్కువైతే పులవడానికి మొరాయిస్తుంది. సన్నగా తరిగి, ఉప్పు చల్లి, నీరు ఊరేదాకా చేత్తో గట్టిగా పిసకండి. ఎనిమిదో పదో గుంటూరు ఎండుమిరపకాయలు నానబెట్టి నాలుగు వెల్లుల్లి రెబ్బలతో కచ్చాపచ్చాగా రుబ్బి కలపండి. నూనె చుక్క కూడా వద్దు, తాలింపు అసలే వద్దు, ఇది ఊరగాయ కాదు. గాజు సీసాలో కూరి, దాని నీళ్లలోనే అది మునిగేలా పైన చిన్న గాజు గిన్నె బరువు పెట్టి మూత వదులుగా వెయ్యండి. చల్లటి దేశాల్లో 20 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచుతారు. మన హైదరాబాద్ వేడికి అంత అక్కర్లేదు, మూడో రోజు నుంచే రుచి చూడండి, పులుపు మీ నోటికి నచ్చిందంటే ఫ్రిజ్‌లోకి తోసెయ్యడమే. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఇంకా తొందరగా పులిసి క్యాబేజీ మెత్తబడుతుంది, ఇంట్లో చల్లగా ఉండే మూల వెతుక్కోండి. పైన పల్చటి తెల్ల పొర కడితే తీసెయ్యొచ్చు, కానీ నూగుతో పచ్చగానో నల్లగానో బూజు కనిపిస్తే పై భాగం తీసేసి వాడదామనుకోకండి, సీసా మొత్తం పారబోయండి.

శాజీరా_అక్క:

బ్రెడ్ గురించి బెంగ పెట్టుకోకండి. అమెరికా డెలీ రై బ్రెడ్‌లో ముక్కుకి తగిలే ఆ వాసన చాలావరకు రై పిండిది కాదు, అందులో వేసే కారవే గింజలది. మనం బిర్యానీలో వేసే శాజీరా ఆ జాతికి దగ్గరదే. వెన్న కరిగించి అర చెంచా శాజీరా నలిపి వేసి, మాడకుండా వాసన రాగానే దించి, ఆ వెన్నే బ్రెడ్ బయటి వైపు రాయండి. మల్టీగ్రెయిన్ పర్వాలేదు, కాకపోతే తీపి లేనిది చూసుకోండి, ఆ రోజు చేసింది కాకుండా నిన్నటిది తెచ్చుకోండి. తాజా మెత్తటి బ్రెడ్ ఈ బరువు మొయ్యలేదు.

రష్యన్ డ్రెస్సింగ్‌కి ఇక్కడ అడ్డం హార్స్‌రాడిష్ అనే దుంప, దొరకదు, దొరికినా సీసాలో నీరసంగా ఉంటుంది. దానికి బదులు ఆవపిండి. రెండిటి ఘాటుకీ మూలం ఒకటే పదార్థం, అల్లైల్ ఐసోథయోసయనేట్, అందుకే రెండూ నాలుకని వదిలేసి ముక్కుకెక్కుతాయి. ఆవాలు పొడిగా కొట్టి *చల్లటి* నీళ్లతో ముద్ద చేసి ఓ పది నిమిషాలు మూతపెట్టండి, ఆ ఘాటు పుట్టేది అప్పుడే. వేడి నీళ్లు పోస్తే అది పుట్టకముందే చస్తుంది. తర్వాతే మయోనీజ్, కొంచెం టమాటా కెచప్, సన్నగా తురిమిన ఉల్లిపాయ కలపండి. ఆవపెట్టిన అరటికాయ కూర చేసే ఇంట్లో ఇదేం కొత్త విద్య కాదు.

పెనం రాజా గారన్నట్టు మిరపకారం క్యాబేజీకే ఉంచండి, సాస్‌లో ఆవఘాటు చాలు. ఒకటి నాలుక మీద మండుతుంది, ఇంకోటి ముక్కులోకి కొడుతుంది, రెండూ ఒకదాన్నొకటి తొక్కెయ్యవు.

ఒరిజినల్_కావాలి:

మీరంతా కలిసి ఏదో చేస్తున్నారు కానీ అది రూబెన్ మాత్రం కాదు 😄 కార్న్‌డ్ బీఫ్ లేకపోతే రూబెన్ ఏంటి భయ్యా. న్యూయార్క్‌లో ఆర్నాల్డ్ రూబెన్ తన డెలీలో 1914లో మొదలుపెట్టాడని ఒక వర్గం, 1920లలో ఒమాహాలోని బ్లాక్‌స్టోన్ హోటల్‌లో పేకాట బృందం కోసం రూబెన్ కులకోఫ్‌స్కీ అనే కిరాణా వ్యాపారి కనిపెట్టాడని ఇంకో వర్గం, ఇప్పటికీ తెగలేదు. 1956లో అమెరికాలో జాతీయ స్థాయి శాండ్‌విచ్ పోటీలో ఒమాహా నుంచి పంపిన రూబెన్ గెలిచింది. ఇంకో తమాషా, యూదుల డెలీల్లో అమ్మే ఈ శాండ్‌విచ్‌లో మాంసం, చీజ్ కలిసి ఉంటాయి కాబట్టి యూదుల ఆహార నియమం ప్రకారం అది కోషర్ కాదు. అంటే పుట్టుకలోనే నియమం తప్పిన తిండి, మీరు చికెన్ పెట్టుకుంటే ఆకాశం ఊడిపడదులెండి. టర్కీ కోడి మాంసంతో, కోల్‌స్లా అనే పచ్చి క్యాబేజీ సలాడ్‌తో చేసే దాన్ని అక్కడే రేచల్ అంటారు, మీది దానికి దగ్గర.

చికెన్ అయితే బ్రెస్ట్ వద్దు, ఎండిపోతుంది, ఎముక తీసిన తొడ ముక్కలు తీసుకోండి. లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు, కొంచెం చక్కెర, మిరియాలు, ధనియాలు, ఆవాలు, రెండు లవంగాలు, బిర్యానీ ఆకు వేసి మరిగించి, *పూర్తిగా చల్లారాక* చికెన్ వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో సన్నమంట మీద ఉడికించి, చల్లార్చి, పలచగా కొయ్యండి. వేడి మీద కోస్తే పీచులైపోతుంది. పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద, గరం మసాలా పట్టించాలని చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి. అది చికెన్ రోల్ అవుతుంది.

పెద్ద కూర తినేవాళ్లు ఇది చదువుతుంటే సీనా భాగం అడగండి, అసలు వంటకంలో వాడేది ఆ చాతీ మాంసమే. ఒక హెచ్చరిక కూడా. ఇంగ్లీషు రెసిపీల్లో పింక్ సాల్ట్ అని రాస్తారు, అది సైంధవ లవణం కాదు! సోడియం నైట్రైట్ కలిపిన ఉప్పు, మాంసానికి ఆ గులాబీ రంగు దానివల్లే వస్తుంది, కొలత తప్పితే విషం. మన సైంధవ లవణం వేస్తే ఆ పని జరగదు. రెండిటి పేర్లూ రంగులూ కలిసిపోయి జనం తికమకపడతారు. ఇంట్లో ఒక రాత్రి నానబెట్టే చికెన్‌కి అది అవసరమే లేదు, మామూలు ఉప్పు చాలు, ముక్క తెల్లగా ఉంటే ఉండనీ.

గోదారి_కోడలు:

మా ఇంట్లో శాకాహారం, కాబట్టి అడక్కపోయినా చెబుతున్నా. పనసపొట్టు. ఉడకబెట్టి, నీరు గట్టిగా పిండేసి, ఆవపిండి, ఎండుమిర్చి, ఉప్పు పట్టించి పెనం మీద అంచులు కరకరలాడేదాకా వేయిస్తే ఈ శాండ్‌విచ్‌లో మాంసం లేదని ఎవరికీ గుర్తుండదు. మోండా మార్కెట్‌లో సీజన్‌లో కొట్టిన పొట్టే అమ్ముతారు.

గోంగూర గురించి ఎవరూ చెప్పలేదు. పెట్టొచ్చు, కానీ క్యాబేజీ పులుపు, గోంగూర పులుపు ఒకే చోట పెట్టకండి, చీజ్ ఊసే తెలియదు. గోంగూర పెట్టిన రోజు పులిసిన క్యాబేజీ మానేసి పచ్చి క్యాబేజీ తురుము వెయ్యండి. జాడీలో నిల్వ పచ్చడి కాదు, దాని నూనె బ్రెడ్ తాగేస్తుంది. అప్పటికప్పుడు పచ్చిమిర్చితో చేసిన రోటి పచ్చడి, అదీ చెంచాడు, బ్రెడ్‌కి కాదు ముక్కల మధ్యలో.

తార్నాక_తిండిబోతు:

అక్కా, అన్నలూ, థాంక్స్. గోంగూర ప్లాన్ బి. క్యాబేజీ ఈ వారమే వేసేస్తా, అన్నయ్య వచ్చేదాకా ఫ్రిజ్‌లో ఆగుతుంది కదా? కాల్చడం గురించి కూడా చెప్పండి, మా ఇంట్లో త్రికోణాలుగా ఒత్తే కరెంటు శాండ్‌విచ్ మేకర్ ఉంది.

పెనం_రాజా:

ఆగుతుంది, నీళ్లలో మునిగి ఉన్నంత వరకు నెలలు కూడా, పులుపు మాత్రం మెల్లగా పెరుగుతూ ఉంటుంది. ఆ మేకర్ పక్కన పెట్టండి. అది అంచులు నొక్కి మూసేస్తుంది, లోపలి ఆవిరికి దారి లేక బ్రెడ్ నానిపోతుంది. ఇనప పెనం, సన్నమంట. రెండు బ్రెడ్‌లకీ లోపలి వైపు చీజ్ రావాలి, తడికి అదే అడ్డుగోడ. మధ్యలో చికెన్, దాని మీద క్యాబేజీ, సాస్ క్యాబేజీ మీదే, బ్రెడ్‌కి తగలకూడదు. క్యాబేజీని పిడికిట్లో గట్టిగా పిండి వెయ్యండి, ఆ నీళ్లు పారబోయకండి, మజ్జిగలో కలుపుకుంటే బావుంటుంది. చికెన్ కూడా పెనం మీద ఒకసారి వేడి చేసి పెట్టండి, ఫ్రిజ్‌లోంచి తీసింది అలాగే పెడితే బ్రెడ్ మాడుతుంది కానీ చీజ్ కరగదు. పైన చదునైన గిన్నె బరువు పెట్టి, ఒక వైపు నాలుగైదు నిమిషాలు. సూపర్‌మార్కెట్‌లో ఎమెంటల్ అనే స్విస్ చీజ్ దొరికితే అది, లేకపోతే మామూలు స్లైసులు, అవి బాగానే కరుగుతాయి కానీ ఉప్పగా ఉంటాయి, చికెన్‌లో ఉప్పు చూసుకోండి.

తార్నాక_తిండిబోతు:

ఎండుమిరపకాయల గింజలు తీసెయ్యాలా?

పెనం_రాజా:

తొడిమలు తీయండి చాలు. డాలస్ వెళ్లాక అన్నయ్యకి అలవాటు తప్పిందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.