హంటింగ్టన్స్ మొదటి స్టేజ్: ఉద్యోగం చేయగలరో లేదో ఎలా తేలుస్తారు?

అందరికీ నమస్తే, మాది హైదరాబాద్, అంబర్‌పేట సైడు. మా బావగారికి హంటింగ్టన్స్ (వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బు) అని జీన్ టెస్ట్‌లో తేలింది, సీఏజీ రిపీట్స్ 43 (అంటే ఆ జీన్‌లో సీఏజీ అనే ముక్క అన్నిసార్లు రిపీట్ అయిందట), వాళ్ల నాన్నగారికీ ఇదే, అప్పట్లో అందరూ తాగుడు వల్లే అనుకున్నారు పాపం. ఈయన గవర్నమెంట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తారు. నడక బానే ఉంది, వేళ్లు కాస్త అదురుతాయంతే, కానీ బిల్లులు చెక్ చేస్తుంటే మధ్యలో ఫోన్ వస్తే చాలు, ఎక్కడ ఆపారో దొరక్క మళ్లీ మొదటి నుంచి మొదలెడతారు, పైవాళ్లేమో బద్ధకం అని మెమో ఇచ్చారు.

డాక్టర్‌గారు టీఎఫ్‌సీ స్కోర్ (ఉద్యోగం, డబ్బు లెక్కలు, ఇంటి పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసేది) 13కి 11 వేశారు. అది మనల్ని అడిగి వేసేదే కదా, ఆయనేమో అన్నీ బాగున్నాయనే చెప్తారు (పొగరు కాదు, తన తేడా తనకి తెలీకపోవడం కూడా ఈ జబ్బులో భాగమేనట). శ్రద్ధ, ప్లానింగ్ చూసే న్యూరోసైకాలజీ టెస్టులు నిమ్స్‌లో ఎవరైనా చేయించుకున్నారా? రిపోర్టులో ఏ పని చేయగలరు, ఏది కష్టం అని విడిగా రాస్తారా? సదరం క్యాంపులో ఇలాంటివి అసలు పట్టించుకుంటారా, లేక కాళ్లూ చేతులూ చూసి పంపేస్తారా?

ఇంకోటి, 2016 వికలాంగుల చట్టం సెక్షన్ 20 ప్రకారం సర్వీసులో వైకల్యం వస్తే తీసేయకూడదు, వేరే పోస్టులోకి మార్చాలి అంటున్నారు, దానికి 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ ఉండాల్సిందేనా? జబ్బు పేరు ఆఫీసులో చెప్పాలా వద్దా అని అక్క ఒకటే టెన్షన్, పిల్లల పెళ్లిళ్లున్నాయి మరి.