పరాయి దేశంలో పల్లెటూరి చర్చి ఆరాధనకు యాత్రికులు వెళ్ళొచ్చా?

కోట జంక్షన్, విజయనగరం:
మా అమ్మాయి జార్జియాలో, టిబిలిసీలో మెడిసిన్ చదువుతోంది. అక్టోబరులో నేనూ మావారూ వెళ్తున్నాం. అప్పుడు కఖేతి వైపు ద్రాక్ష కోతలట. అక్కడ ఒక పల్లెలో ఊరివాళ్ళ ఇంట్లోనే దిగుతాం. ఇంటావిడ ఆదివారం తమ చర్చికి రమ్మంటోంది. మేం క్రైస్తవులం కాదు. "వాళ్ళు దణ్ణం పెట్టుకునే చోటికి మనం చూడ్డానికి వెళ్ళడమేంటి, తప్పు" అంటున్నారు మావారు. పిలిచాక వెళ్ళకపోతేనే తప్పంటోంది అమ్మాయి. మీరేమంటారు?

బొబ్బిలి వీణ:
మీవారి మాటే నాదీ. సిరిమానోత్సవానికి ఎంతమంది వచ్చినా జనంలో కలిసిపోతారు, అమ్మవారి పండగ ఆగదు. కొద్దిమందే కూడే పల్లె చర్చిలో మూడు కొత్త ముఖాలు కనబడితే అందరి తలలూ ఇటే తిరుగుతాయి. వారమంతా పొలంలో కష్టపడినవాళ్ళకి ఆ కాసేపే దొరుకుతుంది. అందులో సగం మనల్ని చూడ్డానికే పోతే అన్యాయం కదా? కట్టడం చూడాలనుంటే సోమవారం వెళ్ళండి. ఇంటావిడ మర్యాదకి పిలిచి ఉండొచ్చు కూడా. భోజనం వేళకి ఎవరొచ్చినా మనం రమ్మనమా?

రాజాం మాస్టారు:
బొబ్బిలివారూ, మీ భయం అర్థమవుతోంది గానీ ఒప్పుకోలేను. మన వైపు నుంచి చాలామంది లెక్చరర్లు ఇథియోపియా వెళ్ళారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. గోండర్ వైపు ఉండేవాణ్ణి. అక్కడి పల్లె చర్చి చాలాచోట్ల గుండ్రంగా ఉంటుంది. లోపల మూడు వలయాలు. బయటి దాంట్లో పాటగాళ్ళు, మధ్య దాంట్లో ప్రభువు పేరిట ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాళ్ళు. నడిమి చోటు మన గర్భగుడి లాంటిది, అర్చకులు తప్ప ఎవరూ వెళ్ళరు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరు ద్వారాలు. చెప్పులు బయటే. తెల్లారకముందే మొదలవుతుంది. అక్కడి తోటి లెక్చరర్ ఒకాయన నాకు నెతెలా అనే తెల్లటి నూలు శాలువా కప్పి తీసుకెళ్ళాడు.

తీరా వెళ్తే చాలామంది లోపలికే రావడం లేదు. ఉపవాసం ఉండనివాళ్ళు, ఈరోజు నేను లోపలికి వెళ్ళకూడదని తమకు తామే అనుకున్నవాళ్ళు ప్రహరీ లోపల చెట్ల కింద నిలబడ్డారు. గుమ్మానికి నుదురు ఆనించి, ముద్దు పెట్టి, అక్కడే ఆగిపోయారు. లోపల్నుంచి కెబెరో అనే పెద్ద డోలు మోత, గిలక్కాయల్లాంటి వాద్యాల చప్పుడు వినబడుతున్నాయి. గంటల తరబడి నిలబడాలి గనక పెద్దవాళ్ళ దగ్గర ఆనుకోవడానికి పొడుగాటి చేతికర్రలుంటాయి. నా పక్కనున్న ముసలాయన కాసేపటికి తన కర్ర నా చేతిలో పెట్టి, తను గోడకి ఆనుకున్నాడు. నాది ఏ మతమో, ఎందుకొచ్చానో అడగలేదు.

బయట నిలబడేవాళ్ళకి కూడా చోటిచ్చిన చర్చి అది. కొత్తవాడికి ఆ చోటు చాలు. అందుకే అమ్మా, వెళ్ళండి. కాకపోతే మొదటి నుంచి చివరిదాకా ఉండగలిగితేనే వెళ్ళండి.

సీతంపేట కొండ:
ఇక్కడ అందరూ చూడ్డానికి వెళ్ళేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. నేను అవతలి వైపు మనిషిని. మాది సవర గిరిజనుల ఊరు. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అయింది గానీ, మేం ఇప్పటికీ సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్ళమనే చెప్పుకుంటాం. మా చర్చిలో చాపల మీద కూర్చుని సవర భాషలోనే పాడతాం. కొండలు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆదివారం లోపలికి వస్తుంటారు. వచ్చినందుకు మాకేం కోపం లేదు, చాప జరిపి చోటిస్తాం.

ఒకసారి ఒక జట్టు వచ్చింది. మామయ్య పోయి అప్పటికి నెల కూడా కాలేదు, మా అత్త ప్రార్థనలో కళ్ళు మూసుకుని ఏడుస్తోంది. ఆమె ముఖానికి జానెడు దూరంలో ఫోన్ పెట్టి వీడియో తీశారు. పాటలు అయ్యాయి, పాస్టరుగారు వాక్యం మొదలుపెట్టగానే లేచి వెళ్ళిపోయారు. తర్వాత ఆ రీల్ మా ఊరి కుర్రాళ్ళ ఫోన్లకే వచ్చింది, వెనక సినిమా పాటతో. అత్త చాన్నాళ్ళు చర్చికి రాలేదు. మీరు ఏ దేశమైనా వెళ్ళండి, ఫోన్ మాత్రం గదిలో వదిలేసి వెళ్ళండి. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదు.

పాలకొండ బాప్టిస్టు:
వందనాలు. మందిరానికి ఎవరైనా రావచ్చు, అందులో వాదన లేదు. కానీ వెళ్తే పూర్తిగా కలవాలి. రొట్టె, ద్రాక్షరసం ఇస్తున్నప్పుడు వెనక్కి తగ్గితే వాళ్ళని చిన్నబుచ్చినట్టే.

రాజాం మాస్టారు:
తమ్ముడూ, అది మాత్రం చెప్పకు. మీ సంఘాల్లో బాప్తిస్మం తీసుకోనివాళ్ళకి ప్రభు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారా? జార్జియా వాళ్ళది ఆర్థడాక్స్ సంఘం, మీ బాప్టిస్టుల కంటే వేరే క్రైస్తవ శాఖ. వాళ్ళ బాప్తిస్మం పొంది, ఉపవాసం ఉండి, పాపాలు ఒప్పుకున్నవాళ్ళకే ఇస్తారు. నువ్వెళ్ళినా నీకూ ఇవ్వరు. తెలియక వరుసలో నిలబడితే అందరి ముందూ కాదనాల్సిన ఇబ్బంది ఫాదర్‌కి. కొవ్వొత్తి ఎవరైనా వెలిగించొచ్చు, సన్నటివి గుమ్మం దగ్గరే అమ్ముతారు.

కోట జంక్షన్, విజయనగరం:
మాస్టారూ, కూర్చోడానికి ఉంటుందా? మావారికి మోకాళ్ళ నొప్పి. చీర కట్టుకోవచ్చా?

రాజాం మాస్టారు:
చీర శుభ్రంగా సరిపోతుంది, చెంగు తల మీదికి లాక్కోండి. ఆడవాళ్ళు తల కప్పుకోవాలి, ప్యాంటుతో వస్తే చాలాచోట్ల ఒప్పుకోరు. అమ్మాయికి ముందే చెప్పండి. మగవాళ్ళు టోపీ తీసెయ్యాలి. ఆరాధన పొడుగునా నిలబడే ఉంటారు, గోడ పక్క ఒకటో రెండో బల్లలుంటే పెద్దవాళ్ళకే. మీవారు ద్వారం దగ్గర ఉంటే నొప్పెక్కినప్పుడు ఎవరికీ అడ్డం రాకుండా బయటికి రావచ్చు. పాట మూడు గొంతులతో, వాద్యాలేవీ లేకుండా సాగుతుంది. జార్జియా వాళ్ళ ఆ గాన పద్ధతిని 2001లో యునెస్కో గుర్తించింది. ఫోన్ లేకపోతేనే దాన్ని సరిగ్గా వింటారు.

బొబ్బిలి వీణ:
నా అభిప్రాయం మారలేదు. సీతంపేటవారు చెప్పింది విన్నాక ఇంకా గట్టిపడింది. అయినా వెళ్ళాలనే ఉంటే, మీ అమ్మాయి చేత ఆవిడని మళ్ళీ అడిగించండి, ఊరివాళ్ళకి ఇబ్బంది ఉండదు కదా అని. రెండోసారీ రమ్మంటే మీరు విడిగా వెళ్ళకండి. ఆవిడతో వెళ్ళి, ఆవిడ పక్కనే నిలబడండి. అప్పుడు మిమ్మల్ని ఆవిడ చుట్టాలనుకుంటారు, తలలు తిప్పి చూడరు.