అరకు దాటి ఎత్తు ఎరగని ఇద్దరం, డిసెంబరులో కేదార్‌కంఠ: మూడు సందేహాలు

సీతమ్మధార నుంచి ప్రశ్న:
నేనూ మా చెల్లీ డిసెంబరు రెండో వారంలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరానికి ట్రెక్ వెళ్తున్నాం. టెంట్లు, వంట ట్రెక్ వాళ్లవే. బ్యాగులు మాత్రం మేమే మోసుకోవాలి. ఇంతవరకు ఎక్కిన ఎత్తంటే అరకు, వంజంగి. రోజూ విశాఖ బీచ్ రోడ్డులో 5 కిలోమీటర్లు పరిగెడతాం.
1. కొండ కింది ఊరు సాంక్రీ చేరిన మర్నాడే నడక మొదలుపెట్టి మూడో రోజు తెల్లవారుజామున శిఖరం ఎక్కే ప్లాన్ ఒకటి, ఒక రాత్రి ఎక్కువ ఉండేది ఇంకోటి. పరుగు అలవాటుంది కదా, మొదటిది చాలదా?
2. బ్యాగు 13 కిలోలు తూగింది, నా బరువు 56. మోయగలనా?
3. కర్పూరం, చిన్న ఆక్సిజన్ డబ్బా కొనుక్కోమంటున్నారు. పనికొస్తాయా?

మద్దిలపాలెం నుంచి:
రెండో ప్లానే తీసుకోండి. పరుగు కాళ్లకీ గుండెకీ మంచిదే గానీ ఎత్తుకు అలవాటు పడడమన్నది వేరే సంగతి. పైగా దమ్మున్నవాళ్లే తొందరగా ఎక్కేసి ముందు మంచాన పడతారు.

లెక్క చూడండి. సాంక్రీ సుమారు 1,950 మీటర్లు, మొదటి రాత్రి క్యాంపు జూడా కా తాలాబ్ సుమారు 2,770, బేస్ క్యాంపు సుమారు 3,400, శిఖరం 3,810. కేదార్‌నాథ్ గుడి 3,583 కాబట్టి మీ శిఖరం దానికన్నా పైనే. 3,000 దాటాక ఒక్కో రాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు. మీ మొదటి ప్లాన్‌లో ఒక్క రాత్రికే 600 పైన పెరుగుతోంది. పగలు ఎంత ఎక్కారన్నదాని కన్నా ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం.

కారణం ఇదీ. శిఖరం మీద గాలి ఒత్తిడి మన బీచ్‌లో ఉన్నదాంట్లో 63 శాతం వరకే ఉంటుంది. ఒళ్లు వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, మెదడు ఊపిరికి బ్రేకు వేస్తుంది. మూత్రపిండాలు బైకార్బనేట్ అనే క్షారాన్ని బయటికి పంపేదాకా ఆ బ్రేకు వదలదు. అందుకు రోజులు పడుతుంది, గంటలు చాలవు. పైన మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి వస్తే కంగారుపడకండి, లోపల పని జరుగుతోందన్నమాట.

ఒక మెలిక ఉంది. ఆ అదనపు రాత్రి ఎక్కడ పడుతుందో అడిగారా? దిగేటప్పుడు ఇస్తే ఎత్తు విషయంలో దండగే. జూడా కా తాలాబ్‌లోనే రెండు రాత్రులు ఉంచి, మధ్య రోజు 300 మీటర్లు పైకెక్కించి మళ్లీ కిందికి తీసుకొస్తేనే ఆ డబ్బుకు ఫలితం.

పెదవాల్తేరు నుంచి:
మూడో ప్రశ్నకు. కర్పూరం ముక్కులో చల్లగా తగిలి ఊపిరి తేలికైనట్టు అనిపిస్తుందంతే, రక్తంలో ఆక్సిజన్ పెరగదు. యాత్రలకు వెళ్లే మనవాళ్లంతా పొట్లం కట్టుకుపోతారు గానీ దాన్ని నమ్ముకుని పైకి నడవకండి. చిన్న డబ్బా కొద్ది నిమిషాలకే ఖాళీ.

ముందు జాగ్రత్తకు వాడేది ఎసిటజోలమైడ్, డయామాక్స్ పేరుతో దొరుకుతుంది. పై పోస్టులో చెప్పిన బైకార్బనేట్ పనిని తొందర చేసేది ఇదే. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు బయల్దేరే ముందురోజు నుంచి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి మారుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. డాక్టరును అడక్కుండా మాత్రం ఎవరూ మొదలుపెట్టొద్దు.

ప్రశ్న వేసినవారు:
థాంక్సండీ. తలనొప్పి వస్తే అది ఎండదో ఎత్తుదో ఎలా తెలుస్తుంది?

పెదవాల్తేరు నుంచి:
తేల్చుకునేదాకా ఎత్తుదే అనుకోండి. అర లీటరు నీళ్లు, ఒక పారాసిటమాల్, గంట విశ్రాంతి. తగ్గితే సరే. తగ్గకుండా వికారం, తల తిరగడం, అన్నం సహించకపోవడం తోడైతే ఆ రోజు ఒక్క మీటరు కూడా ఎక్కొద్దు. అక్కడే ఉన్నా ముదురుతుంటే దిగిపోవాలి.

నేల మీద గీత గీసి, ఒక కాలి మడమకు ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ పది అడుగులు నడిపించండి. తూలితే మెదడులో వాపు మొదలైందనే లెక్క. కూర్చున్నా ఆయాసం, వదలని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. ఈ రెండింట్లో ఏదొచ్చినా తెల్లారనివ్వండి అనొద్దు, రాత్రయినా తోడు మనిషితో దించెయ్యాలి. నిద్రమాత్రలు, మద్యం పూర్తిగా బంద్.

గాజువాక నుంచి:
ఇక బ్యాగు. 56 కిలోల మనిషికి అయిదో వంతు అంటే 11 చిల్లర, అదే గరిష్ఠం. 9కి దించితే హాయి. జీన్స్, కాటన్ టవల్, గాజు సీసాలో ఆవకాయ ఉంటే ముందు తియ్యండి. (ఆవకాయ మానమనట్లేదు, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పొయ్యండి.) కాటన్ బనియన్లు వద్దు, చెమటకి తడిసి ఆరవు, ఆగిన అయిదు నిమిషాలకే వణుకు. పాలిస్టర్ టీషర్టు, దానిమీద ఫ్లీస్, ఆగినప్పుడు డౌన్ జాకెట్ (ఈకలు నింపినది), పైన గాలీ వానా ఆపేది ఒకటి. డౌన్ జాకెట్లు సాంక్రీలో అద్దెకు దొరుకుతాయి, ఇక్కడ కొని బీరువాలో పెట్టుకోవడం దేనికి?

సర్దే పద్ధతి: అడుగున స్లీపింగ్ బ్యాగు. బరువైనవి నడుం పైన, వీపుకు ఆనుకుని. బరువు వీపుకు దూరమైతే బ్యాగు వెనక్కి లాగి మెడ పట్టేస్తుంది. లోపల పెద్ద పాలిథీన్ సంచి వేసి అందులో బట్టలు పెట్టండి, రెయిన్ కవర్ ఒక్కటే వీపు వైపు నుంచి వచ్చే తడిని ఆపదు.

తగిలించుకునేటప్పుడు పట్టీలన్నీ వదులు చేసి, ముందు హిప్ బెల్టు బిగించాలి. అది పొట్ట మీద కాదు, తుంటి ఎముక పైఅంచు మీద కూర్చోవాలి. తర్వాత భుజం పట్టీలు, ఆఖరున భుజాల పైనుండే చిన్న పట్టీలు. ఇప్పుడు భుజం పట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరితే బరువు తుంటి మీద ఉన్నట్టు. దూరకపోతే మళ్లీ మొదటికి.

మద్దిలపాలెం నుంచి:
సాధనకు మాధవధార వైపు నుంచి సింహాచలం మెట్లు మేలు. కైలాసగిరి అయితే ఒక్కసారి చాలదు, వరసగా రెండు మూడుసార్లు ఎక్కి దిగాలి. ఎనిమిది వారాలు, వారానికి మూడు రోజులు. 4 కిలోలతో మొదలుపెట్టి వారానికో కిలో పెంచండి. బరువుకు నీళ్ల సీసాలు పెట్టుకుంటే మొదట్లో పైన పారబోసి మోకాళ్లను కాపాడుకోవచ్చు. ఆఖరి మూడు వారాలు మాత్రం పారబొయ్యొద్దు, దిగేటప్పుడు తొడలకు పడే దెబ్బే అక్కడ కుంటిస్తుంది.

బూట్లు ట్రెక్‌లో వేసుకునే మందపాటి మేజోళ్లతోనే చూసుకోండి. మెట్టు అంచున నిలబడి పాదాన్ని ముందుకు గట్టిగా జార్చితే బొటనవేలు తగలకూడదు. తగిలితే దిగుడులో గోరు నల్లబడుతుంది.

గాజువాక నుంచి:
మరిచిపోయాను. విమానంలో పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే, నడక స్టిక్కులు చెక్‌ఇన్‌లో. పైన రాత్రి మైనస్‌లోకి పోతుంది, ఫోనూ పవర్ బ్యాంకూ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోకపోతే పొద్దున్నకి చార్జి సగం మాయం. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టండి, మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు మిగుల్తాయి. పల్లీపట్టి చలికి రాయవుతుంది, పళ్లు జాగ్రత్త. సున్నుండలు నయం.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడే ట్రెక్ వాళ్లకి ఫోన్ చేశాను. అదనపు రాత్రి దిగేటప్పుడేనట. జూడా కా తాలాబ్‌కి మార్చమంటే వంటవాళ్లను అడిగి రేపు చెప్తామన్నారు.

మద్దిలపాలెం నుంచి:
కుదరదంటే ఆ అదనపు రాత్రికి డబ్బు కట్టకండి. ఒక రోజు ముందే బయల్దేరి సాంక్రీలో రెండు రాత్రులు ఉండండి, పగలు పై అడవిలోకి ఓ మూడు గంటలు ఎక్కి దిగండి. తాలాబ్‌లో ఉన్నంత లాభం ఉండదు గానీ, డెహ్రాడూన్ నుంచి 200 కిలోమీటర్ల మలుపుల రోడ్డు మీద వాంతులు చేసుకుంటూ దిగి మర్నాడే ఎక్కడం కన్నా చాలా నయం. టికెట్లు మాత్రం వాళ్ల జవాబు వచ్చాకే తియ్యండి.